శ్రీశైలం వెళ్తున్నారా? ఒక రాత్రి అక్కడ ఉండేలా ప్లాన్ చేసుకోండి

శ్రీశైలానికి ఎలా వెళ్ళాలి, ఎన్ని రోజులు పెట్టుకోవాలి అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చేద్దాం అని మాత్రం అనుకోకండి. హైదరాబాద్ నుంచే 210 కిలోమీటర్ల పైన ఉంది, అందులో చివరి భాగమంతా నల్లమల అడవి, ఘాట్ రోడ్డు, మలుపులు, కారులో అయినా ఐదారు గంటలు పట్టేస్తుంది. పోను రాను ఒక్క రోజులో అంటే క్యూలో నిలబడ్డంతసేపూ టైమ్ చూసుకోవడమే సరిపోతుంది. ఒక్క రాత్రి అక్కడ పడుకుంటే మొత్తం మారిపోతుంది.

ముందు రోడ్డు సంగతి. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి మన్ననూరు దగ్గర ఫారెస్ట్ చెక్ పోస్ట్ ఉంటుంది, టైగర్ రిజర్వ్ కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. ఇది తెలీక ఆఫీస్ అయ్యాక బయల్దేరి అర్ధరాత్రి గేటు ముందు పిల్లలతో కార్లోనే పడుకునేవాళ్ళు ఎంతమందో. దోర్నాల వైపు కూడా ఇదే రూల్. విజయవాడ, గుంటూరు వాళ్ళు వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల వస్తారు, కర్నూలు వాళ్ళు ఆత్మకూరు మీదుగా వస్తారు, రైల్లో అయితే మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగి బస్సెక్కాలి. ఎటు నుంచి వచ్చినా సాయంత్రం నాలుగు లోపు అడవిలోకి ఎంటర్ అయ్యేలా చూసుకోండి, వెలుతురుండగా కృష్ణ లోయ, డ్యామ్ కనిపిస్తాయి, పైగా చీకట్లో ఆ మలుపులు డ్రైవింగ్ చేయడం కష్టం. ట్యాంక్ మన్ననూరుకి ముందే నింపుకోండి, లోపల చాలా చోట్ల సిగ్నల్ కూడా ఉండదు. స్పీడుగా పోవద్దు, జింకలు, కోతులు రోడ్డు మీదకి వచ్చేస్తాయి. కోతులకి అరటిపళ్ళు వేయడం పుణ్యం అనుకుంటారు గానీ దానివల్లే అవి రోడ్డు మీద కూర్చుని బండ్ల కింద పడుతున్నాయి, దయచేసి వేయకండి, ప్లాస్టిక్ కవర్లు, సీసాలు కూడా అడవిలో పారేయకండి.

రూమ్ ముందే బుక్ చేసుకోవాలి. దేవస్థానం వాళ్ళవి గంగా సదన్, గౌరీ సదన్, మల్లికార్జున సదన్ లాంటివి ఉన్నాయి, ఇవి కాక కరివేన సత్రం దగ్గర్నుంచి రకరకాల సత్రాలు గుడి చుట్టుపక్కలే ఉన్నాయి. బుకింగ్ మాత్రం దేవస్థానం అధికారిక వెబ్‌సైట్లోనే చేయండి, గూగుల్లో వెతికితే అచ్చం అలాగే ఉండే నకిలీ సైట్లు కనిపిస్తాయి, ఫోన్ చేసి అడ్వాన్స్ పంపండి అంటారు, డబ్బు పోయాక చేసేదేం ఉండదు.

దిగగానే స్నానం చేసి, బట్టలు మార్చి అప్పుడు గుడికి వెళ్దాం అనుకుంటాం కదా, శ్రీశైలంలో ధూళి దర్శనం అనే ఆచారం ఉంది. ప్రయాణం చేసొచ్చిన కాళ్ళ దుమ్ముతోనే ముందు వెళ్ళి మల్లన్నని, అంటే మల్లికార్జున స్వామిని చూసి రావడం. వెనకటికి అడవిలో రోజుల తరబడి నడిచొచ్చిన భక్తుడు ఇంక ఒక్క క్షణం ఆగలేక నేరుగా స్వామి దగ్గరికి వెళ్ళిపోయేవాడు, ఆ ప్రేమే ఇది. నేనైతే సాయంత్రం చేరగానే లగేజ్ రూమ్‌లో పడేసి ఉచిత దర్శనం క్యూలో వెళ్ళిపోమనే చెప్తాను, దూరం నుంచి అయినా సరే ఒకసారి చూసేస్తే మనసు కుదుటపడుతుంది, మర్నాడు పొద్దున స్పర్శ దర్శనం తీరిగ్గా చేసుకోవచ్చు.

స్పర్శ దర్శనం అంటే గర్భగుడిలోకి వెళ్ళి లింగాన్ని మన చేత్తో తాకి, తల ఆనించి నమస్కారం చేసుకోవడం. దీనికి టికెట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోండి, ఆధార్ దగ్గర ఉంచుకోండి. మగవాళ్ళు పంచె, కండువా కట్టుకోవాలి, ఆడవాళ్ళు చీర గానీ చున్నీతో చుడీదార్ గానీ. ఫోన్లు లోపలికి రానివ్వరు, కౌంటర్లో పెట్టి టోకెన్ తీసుకోండి. లోపల లింగం చాలా చిన్నది, నేల నుంచి కొంచెమే పైకి ఉంటుంది, వంగి తల ఆనించేలోపే వెనక నుంచి జరగండి జరగండి అంటారు, అందుకే ఏం కోరుకోవాలో, ఎవరి పేర్లు చెప్పుకోవాలో క్యూలోనే అనుకుని ఉండండి. కార్తీక మాసం, సోమవారాలు, వరస సెలవులు వస్తే రద్దీని బట్టి స్పర్శ దర్శనం ఆపేస్తుంటారు. వారం మధ్యలో, మామూలు నెలల్లో వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు.

దర్శనం అయిపోయింది కదా అని బయటికి నడవకండి, చాలామంది చేసే పొరపాటు ఇదే. జ్యోతిర్లింగం, శక్తిపీఠం రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్న క్షేత్రం ఇది. మల్లన్న గుడి వెనక మెట్లెక్కితే భ్రమరాంబ అమ్మవారు. అమ్మవారి గర్భగుడి వెనక గోడకి చెవి ఆనించి వింటే తుమ్మెదల ఝంకారం వినిపిస్తుందని పెద్దవాళ్ళు చెప్తారు, అరుణాసురుణ్ణి చంపడానికి అమ్మవారు భ్రమర రూపం ఎత్తిందని కథ. అందరూ తోసుకుంటుంటే ఏం వినపడదు, కాస్త జనం తగ్గేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి వినండి. తర్వాత వృద్ధ మల్లికార్జునుడు, ఒంటి మీద ముడతల్లాంటి గీతలున్న లింగం, దాని దగ్గర్లోనే మేడి, జువ్వి, రావి కలిసి పెరిగిన త్రిఫల వృక్షం. మల్లికా గుండంలో నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు వంగి చూస్తే ఆలయ శిఖరం నీడ కనిపిస్తుంది, పిల్లలకి తప్పకుండా చూపించండి.

బయటికొచ్చాక ప్రాకారం గోడ చుట్టూ ఒకసారి నడవండి. కోట గోడలా ఉంటుంది, దాని మీద వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, శివుడి కథలు చెక్కి ఉంటాయి. చెప్పుల స్టాండ్ నుంచి క్యూలోకి, క్యూ నుంచి లడ్డు కౌంటర్‌కి పరుగెత్తేవాళ్ళెవరూ అటు చూడరు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఆ బొమ్మలు బాగా కనిపిస్తాయి.

చుట్టుపక్కలవి ఆటో గానీ జీపు గానీ మాట్లాడుకుంటే అన్నీ తిప్పుతారు. సాక్షి గణపతి దగ్గర తప్పకుండా ఆగాలి, మీరు శ్రీశైలం వచ్చారని ఆయన పుస్తకంలో రాసుకుని శివుడికి సాక్ష్యం చెప్తాడని నమ్మకం, చేతిలో కలం, పుస్తకం ఉంటాయి, పేరు, గోత్రం చెప్పుకోండి. శిఖరేశ్వరం మల్లన్న గుడి నుంచి 8 కిలోమీటర్ల దూరం, అక్కడ నంది దగ్గర నువ్వులు పోసి తిప్పి, కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూస్తే మళ్ళీ జన్మ ఉండదంటారు. పాలధార పంచధార దగ్గర మెట్లు దిగి వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైనే కూర్చోబెట్టండి. కింద కృష్ణా నదిలో స్నానాలు చేసే పాతాళగంగకి కూడా మెట్లు చాలా ఎక్కువ, రోప్ వే ఉంది కాబట్టి అదే ఎక్కండి.

శివరాత్రికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాస ద్వారం దాకా నడిచొచ్చే దారి ఉంది, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా దిగొద్దు, మిగతావాళ్ళు కూడా ఎండ ఎక్కకముందే నడవండి. ఆ రాత్రి లింగోద్భవ కాలంలో, అంటే శివుడు లింగంగా వెలిశాడని చెప్పే అర్ధరాత్రి వేళ, జరిగే పాగాలంకరణ చూడటమే ఒక భాగ్యం, దీపాలన్నీ ఆర్పేస్తారు, నేతన్న దిగంబరంగా గుడి పైకెక్కి తను ఏడాదంతా రోజుకో మూర చొప్పున నేసిన పాగాని గర్భగుడి విమాన గోపురం నుంచి ముఖమండపం నందుల దాకా చుడతాడు. ఉగాదికైతే కర్ణాటక నుంచి లక్షల మంది నడిచొస్తారు, భ్రమరాంబ తమ ఆడపడుచు, మల్లన్న తమ ఇంటి అల్లుడు అని వాళ్ళ నమ్మకం. ఆ రోజుల్లో రూమ్ దొరకడం దాదాపు అసాధ్యం, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు వేరే రోజులు చూసుకోండి.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం దేవస్థానం అన్నప్రసాదం తిని రెండు గంటలకల్లా బయల్దేరితే అడవి మొత్తం వెలుతురులోనే దాటేయొచ్చు.