బాక్సర్ రికార్డు చదవడం ఎలా?
2024 మేలో హెవీవెయిట్ బాక్సర్ ఉసిక్‌తో తలపడే ముందు, మరో హెవీవెయిట్ ఫ్యూరీ రికార్డు 34-0-1, 24 నాకౌట్లు. అంటే మొదటి అంకె గెలుపులు, రెండోది ఓటములు, మూడోది డ్రాలు. నాకౌట్లు ఆ 34 గెలుపుల్లోవే, విడిగా కలపకూడదు. ఒలింపిక్స్ లాంటి అమెచ్యూర్ పోటీలు ఇందులోకి రావు.

తర్వాత చివరి ఐదుగురు ప్రత్యర్థులను చూడండి: పోటీనాటికి వాళ్ల రికార్డు, వయసు, ఎన్ని నెలలుగా రింగెక్కలేదు.

ఓటముల అంకె చూసి ఎవరినీ కొట్టిపారేయొద్దు. 2014 మార్చిలో 12 ఓటములున్న సాలిడో, రెండు ఒలింపిక్ స్వర్ణాల లొమచెంకోను స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జిల్లో ఇద్దరి తీర్పుతో) ఓడించాడు. లొమచెంకోకు ప్రొఫెషనల్‌గా అది రెండో పోటీ మాత్రమే. పైగా పోటీకి ముందు జరిగే తూకంలో సాలిడో 126 పౌండ్ల పరిమితి దాటాడు. పెద్ద ఒంటితో మీదపడి శరీరంపై బాదాడు. అందుకే తూకం అయ్యేదాకా విజేతను తేల్చకండి.