రోహిణి కార్తెకు ముందే అంబాసిడర్ రేడియేటర్ సంగతి చూడండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పాత ఇత్తడి రేడియేటర్ అంతవరకు ఆగదు, ఉగాది దాటగానే అతుకుల దగ్గర చెమ్మగిల్లుతుంది. ఇంట్లో అంబాసిడర్ కారు ఉన్నవారు ఏప్రిల్‌లోనే ఒక ఆదివారాన్ని దానికి కేటాయించుకోవాలి. నీడలో తీరిగ్గా చేసుకునే పనిని మే నెల మధ్యాహ్నం రోడ్డు పక్కకు తెచ్చుకున్నవారికే చేతులు కాలుతాయి.

ముందుగా మూత. ఇది స్ప్రింగు ఉన్న వాల్వు. చదరపు అంగుళానికి ఏడు పౌండ్ల ఒత్తిడిని ఆపే మూత బిగించి ఉంటే లోపలి నీళ్లు దాదాపు 111 డిగ్రీల దాకా మరగవు. వేడి మీద మూత తిప్పారంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటిదాకా మరగకుండా ఉన్న నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంజిన్ ఆపి కనీసం గంట ఆగండి. తర్వాత పై గొట్టాన్ని గుడ్డతో పట్టి నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకా ఆగాలి. మెత్తగా ఉంటే మందపాటి తువ్వాలు నాలుగు మడతలు వేసి మూత మీద పెట్టి, ముఖం పక్కకు తిప్పుకొని, మొదటి మెట్టు దాకా మాత్రమే తిప్పండి. బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాకే మూత తీయాలి.

ప్రయాణంలో ఉష్ణోగ్రత ముల్లు పైకెక్కి, ఉన్నట్టుండి కిందికి దిగితే సంతోషించకండి. నీళ్లన్నీ పోయి సెన్సర్‌కు తడి తగలకపోయినా ముల్లు అలాగే దిగుతుంది. వెంటనే బండి ఆపండి. ఎర్రగా కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగులుతుంది. అది చల్లారేదాకా చెట్టు కింద కూర్చోవడమే మార్గం.

నీళ్లు తగ్గుతున్నాయని వెంటనే రేడియేటర్ విప్పేవారిని చూస్తే నాకు జాలి. దొంగ చాలాసార్లు వేరే చోట ఉంటాడు. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం నుంచి కారే చుక్కలను ఫ్యాన్ చుట్టూ విసిరేస్తుంది, దాంతో తడి అంతా రేడియేటర్ మీదే కనిపిస్తుంది. రిజర్వు సీసా లేని పాత బండిలో అంచు దాకా నీళ్లు నింపితే వేడికి ఉబ్బి, మిగిలినది సన్న గొట్టం గుండా బయటికి పోతుంది. అది కారడం కాదు, మీరు ఎక్కువ పోయడం. రాత్రి బండి కింద పాత వార్తాపత్రికలు పరిచి, ఉదయం మరకలు ఎక్కడ పడ్డాయో చూడండి. అతుకుల వెంట తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటే అప్పుడు నేరం రేడియేటర్‌దే. ఇంజిన్ నడుస్తుండగా టార్చి వేసి వెతకాలనుకుంటే ముందు మెడలో గొలుసు తీసేయండి, భుజం మీద తువ్వాలు పక్కన పెట్టండి. ఈ బండి ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది, ఇంజిన్ ఆగేదాకా ఆగదు.

ఇక పసుపు. మా నాన్నగారు శ్రీశైలం ఘాట్‌లో ఒకసారి కారుతున్న చోటు పూడడానికి రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోసి బండిని దోర్నాల దాకా దించారు. ఆ రోజు పసుపు గట్టెక్కించింది, ఆ తర్వాత రెండు వేసవులు సన్న గొట్టాలు పూడుకుపోయి ఇంజిన్ కాగుతూనే ఉంది. అడవి మధ్యలో తప్పనిసరైతే సరే, ఇంటికి చేరాక మాత్రం కడిగించాల్సిందే. రెండు ముద్దలు కలిపి అంటించే ఎపాక్సీ అంతకంటే చెడ్డది. అది ఉన్నచోట మాటు (లోహం కరిగించి వేసే అతుకు) అంటుకోదు, పనివాడు దాన్ని గీకి గీకి విసుక్కుంటాడు.

విప్పే రోజున బ్యాటరీ ఎర్త్ తీగ తీసేయండి. కింది ఇత్తడి కుళాయి బిగుసుకుపోతే ముందురోజే తుప్పు వదిలే నూనె వేసి ఉంచండి, బలవంతం చేస్తే విరుగుతుంది. ఇంజిన్ పక్కనున్న కుళాయి కూడా తెరిస్తేనే నీళ్లన్నీ దిగుతాయి. కూలెంట్‌ను, అంటే ఇంజిన్ చల్లబడడానికి నీళ్లలో కలిపే ద్రవాన్ని, తొట్టిలోకే పట్టండి. అందులోని గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకితే మూత్రపిండాలు పోతాయి. పిల్లలున్న ఇంట్లో అది తాగునీటి సీసాలో కనిపించకూడదు. పాత రబ్బరు గొట్టాలను మెలితిప్పి లాగితే ఇత్తడి మెడ ఊడివస్తుంది. కత్తితో నిలువుగా కోసి ఒలిచేయండి. మళ్లీ వాడదగినవి కావు అవి. రేడియేటర్ పైకి ఎత్తేటప్పుడు ఫ్యాన్‌కూ దానికీ మధ్య ఒక అట్టముక్క పెట్టండి, లేకపోతే ఒక రెక్క కొసే చాలు, కొత్త బెజ్జం పెట్టడానికి.

మాటు వేసే పని ఇంట్లో వద్దని నా సలహా. సీసం కలిసిన లోహం, ఆమ్లం, పొగ, ఇవన్నీ గాలి ఆడే దుకాణంలోనే ఉండాలి. అక్కడ కూడా మీరు అడగాల్సింది ఒకటి ఉంది. రేడియేటర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి గాలి పెట్టేటప్పుడు, మూత మీది అంకె ఎంతో అంతే పెట్టమనండి. కంప్రెసర్ నేరుగా తగిలిస్తే బాగున్న అతుకులు కూడా విచ్చుకుంటాయి. మూడు నాలుగు చోట్ల బుడగలు వచ్చాయంటే మాటులతో కాలక్షేపం దండగ, కోర్ (మధ్యలో ఉన్న సన్న గొట్టాల భాగం) మార్పించండి. పైనా కిందా ఉన్న అసలు ఇత్తడి తొట్లు అలాగే ఉంచమని చెప్పండి. అల్యూమినియంది కొత్తగా కొనడం సులువే, కానీ బానెట్ ఎత్తినప్పుడు ఆ బండి ముఖం మారిపోతుంది.

కొత్త కారు మూత సరిపోయిందని బిగించేయకండి. పదమూడు పౌండ్ల ఒత్తిడిని ఈ అతుకులు మోయలేవు. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది, డిస్టిల్డ్ వాటరే పోయండి. రాగి, ఇత్తడికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న కూలెంటే కొనండి, రంగు చూసి నమ్మవద్దు. “మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండీ, పీకేద్దాం” అనే మెకానిక్ ఒకరైనా తగులుతాడు. పీకనివ్వకండి, ఇంజిన్ తగినంత వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు అది. పాత గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడండి, తెరుచుకుంటే దాన్ని తిరిగి పెట్టించండి.

నింపేటప్పుడు మూత తీసి ఇంజిన్ నెమ్మదిగా నడపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీటిమట్టం గుటుక్కున దిగుతుంది, అప్పుడు ఇంకొంచెం పోయండి. మెడకు రెండు వేళ్ల కిందికి ఆపి మూత బిగించండి. ఆ సాయంత్రం ఊరి చుట్టూ ఐదారు కిలోమీటర్లు తిప్పి, తెల్లవారాక చల్లటి ఇంజిన్ మీద మళ్లీ మూత తీసి, ఆ రెండు వేళ్లతోనే కొలవండి.