రోడ్డు మీద సోలార్ ప్యానెళ్లు: ఒప్పుకునే ముందు మీరే లెక్క కట్టుకోండి

“లోపలి రోడ్డు ఎలాగూ కొత్తగా వేయించుకుంటున్నాం కదా మేడమ్, తారు బదులు సోలార్ ప్యానెళ్లు పరిపిస్తే ఎలా ఉంటుంది?” విశాఖలో ఇళ్ల మీద సోలార్ బిగించే పనిలో ఉన్నాను కాబట్టి కాలనీ అసోసియేషన్ల వాళ్లు నన్ను ఈ మాట తరచూ అడుగుతుంటారు. ఇందులోకి రాకముందు ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుగా చేశాను. అందుకే రోడ్డు సంగతీ తెలుసు, ప్యానెల్ సంగతీ తెలుసు. అడిగినవాళ్లని ఎప్పుడూ తీసిపారేయలేదు. ఊళ్లో ఖాళీ జాగా దొరకడం లేదు, రోడ్లేమో రోజంతా ఎండలో మాడుతున్నాయి. ఆ ఎండని వాడుకుందామనుకోవడం మంచి ఆలోచనే. కాకపోతే డబ్బు పెట్టేముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఒక టేపు, ఒక చిన్న ప్యానెల్, ఒక ఆదివారం ఉంటే మీరే తేల్చుకోవచ్చు.

ముందు టేపు పట్టుకుని రోడ్డు కొలవండి. మీ రోడ్డు 6 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవు ఉందనుకుందాం. అంటే 1,200 చదరపు మీటర్లు. ఇప్పుడు మార్కెట్లో దొరికే ప్యానెళ్లతో కిలోవాట్‌కి సుమారు 5 చదరపు మీటర్లు సరిపోతాయి. మన దగ్గర డాబా మీద కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు వస్తాయి. చదరపు మీటరుకి ఏడాదికి 290 యూనిట్లు అన్నమాట. ఆ లెక్కన మీ రోడ్డు మొత్తం మీద మూడున్నర లక్షల యూనిట్లు రావాలి. అందరూ ఆశపడేది ఈ అంకె చూసే.

దాని పక్కనే, నిజంగా వేసిన రోడ్డు అంకె కూడా రాయండి. ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతంలోని టూరూవ్ర్ దగ్గర 2016 డిసెంబరులో కిలోమీటరు పొడవున సోలార్ రోడ్డు తెరిచారు. 2,800 చదరపు మీటర్ల ప్యానెళ్లు, 50 లక్షల యూరోల ఖర్చు. రోజుకి 790 యూనిట్లు వస్తాయన్నారు, అంటే ఏడాదికి 2.88 లక్షలు. మొదటి ఏడాది వచ్చింది దాదాపు లక్షన్నర. 2018లో 78 వేలు. చదరపు మీటరుకి 53 యూనిట్ల దగ్గర మొదలై 28కి దిగిపోయింది. నార్మండీలో మనంత ఎండ ఉండదు, నిజమే. అక్కడ డాబా మీద పెట్టినా మనకొచ్చినంత రాదు. కానీ ఏడాది తిరిగేసరికి సగానికి పడిపోయిందంటే ఆ తప్పు ఎండది కాదు. ప్యానెళ్లు ఊడాయి, పగిలాయి, మీద పడ్డ ఆకులు టైర్ల కింద నలిగి అంటుకుపోయాయి. చప్పుడు భరించలేక బండ్ల వేగాన్ని గంటకి 70 కిలోమీటర్లకి తగ్గించారు. 2018లోనే దాదాపు 90 మీటర్ల ముక్కని తీసేయాల్సి వచ్చింది.

నెదర్లాండ్స్‌లోని క్రోమనీలో 2014లో వేసిన 70 మీటర్ల దారి మాత్రం కాస్త నయం. మొదటి ఆరు నెలల్లో 3,000 యూనిట్లకు పైగా ఇచ్చింది. అది సైకిళ్ల దారి. అక్కడ కూడా మొదటి చలికాలంలోనే గాజు మీది పూత కొంత లేచిపోయింది. అయినా సైకిల్ చక్రానికీ లారీ చక్రానికీ ఉన్న తేడా ఈ రెండు రోడ్లని పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

కాబట్టి రెండో పని, ఒక పూట వీధి చివర కుర్చీ వేసుకుని కూర్చుని ఏయే బండ్లు వస్తున్నాయో రాసుకోండి. స్కూటర్లు, కార్లు లెక్కలోకి రావు. నీళ్ల ట్యాంకరు, చెత్త బండి, స్కూల్ బస్సు, ఎవరో ఇల్లు కడుతుంటే ఇసుక లారీ, బోరు వేసే లారీ, ఇవి ముఖ్యం. రోడ్డుకి జరిగే నష్టం యాక్సిల్ బరువుకి నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1950ల చివర్లో అమెరికాలో లారీలని నెలల తరబడి తిప్పి చేసిన పరీక్షల్లో తేలింది. కారు యాక్సిల్ మీద అర టన్ను, నిండు లారీ వెనక యాక్సిల్ మీద 10 టన్నులు అనుకోండి. బరువు 20 రెట్లు, నష్టం 1,60,000 రెట్లు. తారు రోడ్డు ఆ బరువుకి కాస్త వంగి మళ్లీ లేస్తుంది. గాజు వంగదు. కింద కంకర ఒక్క చోట కుంగినా పైన పలక చీలుతుంది, లోపల కరెంటు పుట్టించే పలచటి బిళ్లలో, అంటే సెల్‌లో, కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. నా దగ్గర పనిచేసే గాజువాక కుర్రాడు ఇలాంటి సోలార్ రోడ్డు వీడియో ఒకటి చూడగానే “లారీ ఎక్కితే ఏటవుద్దమ్మా?” అన్నాడు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

తర్వాత ఇసుక. బీచ్ రోడ్డుకి దగ్గరలో ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా చేసి చూడాలి. పాత ఫొటో ఫ్రేములోంచి గాజు ముక్క తీసి చదునైన బండ మీద పెట్టండి, చెప్పులు వేసుకునే చేయండి. దాని మీద చిటికెడు బీచ్ ఇసుక చల్లి, చెప్పు కాలితో మెల్లగా అటూ ఇటూ రుద్దండి. ఇప్పుడు గాజుని కడిగి ఎండకి అడ్డంగా పట్టుకుని చూడండి. సన్నటి గీతలు, మధ్యలో పాలపొంగులా తెల్లటి మచ్చ కనిపిస్తుంది. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోహ్స్ లెక్కలో ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌ది 7, మామూలు గాజుది 5.5 నుంచి 6. గట్టిది మెత్తదాన్ని గీస్తుంది. టైరు కింద అదే ఇసుక రోజంతా నలుగుతుంటే కింద ఉన్న సెల్‌కి వెలుగు ఎంత చేరుతుందో ఊహించుకోండి. పోనీ నున్నగా ఉంచుదామంటే వానలో స్కూటర్లు జారతాయి. జారకుండా గరుకు చేస్తే వెలుగు తగ్గుతుంది, ఆ గరుకులో దుమ్ము కూరుకుంటుంది. పోర్టు వైపు బొగ్గు దుమ్ము సంగతి మనకి వేరే చెప్పాలా?

నీడ సంగతి నాలుగు ఫొటోలతో తేలిపోతుంది. ఉదయం తొమ్మిదికి, పదకొండుకి, మధ్యాహ్నం ఒంటిగంటకి, మూడింటికి ఒకే చోట నిలబడి రోడ్డు ఫొటో తీయండి. రెండు పక్కలా ఐదంతస్తుల అపార్టుమెంట్లు ఉంటే, ఉత్తర దక్షిణాలుగా ఉన్న రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం తప్ప పూర్తి ఎండ పడదు. ఆపైన ఆపిన కార్లు. సగం నీడ పడితే సగం కరెంటేగా పోయేది అనుకోకండి. బ్యాటరీ ఛార్జ్ చేసే 100 వాట్ల చిన్న ప్యానెల్ ఉంటే, ఎండలో పెట్టి ఛార్జింగ్ కరెంటు చూస్తూ ఒక్క సెల్ మొత్తం కప్పేలా అట్టముక్క అడ్డం పెట్టండి. 36 సెల్స్‌లో ఒక్కటే మూశారు, కరెంటు మాత్రం దాదాపు పడిపోతుంది. సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి మొరాయిస్తే దాని వరసంతా ఆగుతుంది. పెద్ద ప్యానెళ్లలో, నీడ పడ్డ వరసని తప్పించి కరెంటుని పక్కదారి పట్టించే డయోడ్లు ఉండటం వల్ల నష్టం కొంత తగ్గుతుంది కానీ పోదు.

ఒక్క విషయంలో మాత్రం మనకి కలిసొస్తుంది. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ప్యానెల్‌ని పడుకోబెట్టినా, దక్షిణానికి వాల్చినా పెద్ద తేడా రాదు, ఐదు శాతం అటూ ఇటూ. యూరప్‌లో ఆ నష్టం ఇంకా ఎక్కువ. అయితే పడుకోబెట్టిన ప్యానెల్‌కి వెనక గాలి ఆడదు. ఎండాకాలంలో రోడ్డులో పాతిన ప్యానెల్ 70 డిగ్రీలకి చేరితే, 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున పదహారు శాతం దాకా పోతుంది. వచ్చిన లాభం అక్కడే కరిగిపోయింది.

చివరగా, మీ రోడ్డుని ఎవరెవరు తవ్వుతారో అడిగి తెలుసుకోండి. యూజీడీ (భూమిలోపలి మురుగునీటి) లైను, మంచినీళ్ల పైపు, హుద్‌హుద్ తుఫాను తర్వాత భూమిలోకి దించిన కరెంటు కేబుళ్లు, ఇంటర్నెట్ వైర్లు. తారు రోడ్డు తవ్వితే పూడ్చి అతుకు వేస్తారు. ప్యానెళ్ల రోడ్డు తవ్వాలంటే ముందు కరెంటు ఆపాలి, పలకలు విప్పాలి, మళ్లీ నీళ్లు చొరకుండా కలపాలి. పెళ్లికి షామియానా వేసేవాళ్లు రోడ్డులో ఇనప మేకులు దిగ్గొడతారు. భోగి మంట ఎక్కడ వేస్తారు? వీధి మధ్యలోనే కదా. పండగలు మానుకోమని ఏ కాలనీకీ నేను చెప్పను.

ఇవన్నీ చూశాక కూడా సోలార్ వద్దనుకోకండి. ప్యానెల్‌ని టైరు కింద నుంచి తీసి నెత్తి మీద పెట్టండి, అంతే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద కప్పుగా 16 మెగావాట్ల ప్యానెళ్లు వేసి 2023లో తెరిచారు. కింద నీడ, పైన కరెంటు. మన ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ల మీదే 2 మెగావాట్లు తేలుతున్నాయి. రోడ్డు పక్కన స్కూటర్ల పార్కింగ్ షెడ్డు, కమ్యూనిటీ హాలు డాబా, పంపు హౌస్ కప్పు, ఇలాంటివి ప్రతి కాలనీలో ఉంటాయి. ముందు వాటిని కొలవండి.

షెడ్డు వేయించేటప్పుడు గాలి గురించి గట్టిగా పట్టుబట్టండి. కట్టడాలు ఎంత గాలిని, బరువుని తట్టుకోవాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విశాఖకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు లెక్కలోకి తీసుకోవాలి. హుద్‌హుద్ విరుచుకుపడ్డ 2014 అక్టోబరు 12 చూసినవాళ్లకి ఇది ఎక్కువ అనిపించదు. డ్రాయింగ్ మీద ఆ అంకె రాసి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం ఉంటేనే అడ్వాన్సు ఇవ్వండి. స్టాండు వేడి జింకులో ముంచిన ఇనుముదై ఉండాలి, మీద రంగు పూసింది ఉప్పుగాలికి ఎక్కువ కాలం నిలవదు. బోల్టులు స్టెయిన్‌లెస్ అడగండి. ప్యానెల్‌కి ఐఈసీ 61701 ఉప్పు పరీక్ష సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. వాలు కనీసం 10 డిగ్రీలు ఉంటే వానకి దుమ్ము చాలావరకు కొట్టుకుపోతుంది.

డబ్బు విషయానికొస్తే, పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి 3 కిలోవాట్లు పెడితే 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. అసోసియేషన్ల ఉమ్మడి అవసరాలకి, అంటే వీధి లైట్లు, లిఫ్టులు, బండ్ల ఛార్జింగ్ లాంటి వాటికి, కిలోవాట్‌కి 18 వేలు ఇస్తారు. కాంట్రాక్టరు కొటేషన్‌లో కిలోవాట్లు రాస్తే సరిపోదు, ఏడాదికి ఎన్ని యూనిట్లు గ్యారంటీయో రాయించుకోండి. తగ్గితే ఏం చేస్తారో కూడా అందులోనే ఉండాలి. బిగించాక ప్రతి నెలా ఒకటో తారీఖున ఇన్వర్టర్ రీడింగ్ నోటు పుస్తకంలో రాయండి. కడిగేది తెల్లవారుజామునే, ఎండెక్కిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకూడదు. రెండు వారాలు కడగకుండా వదిలి, కడిగిన మర్నాడు రీడింగ్ ఎంత పెరిగిందో చూస్తే మీ కాలనీకి ఎన్ని రోజులకోసారి కడగాలో మీకే తెలుస్తుంది.