కాగ్ నివేదిక చదవడం – 5వ పాఠం: ‘నష్టం’ అనే మాట దగ్గర ఆగండి

ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలను పరిశీలించే చట్టసభ కమిటీ, అంటే ప్రజా పద్దుల సంఘం గురించి ఈసారి చెబుతానన్నాను కానీ, కిందటి అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. మొబైల్ లైసెన్సులు, స్పెక్ట్రం (ఫోన్లు వాడే రేడియో తరంగాలు) కేటాయింపుపై కాగ్ 2010లో ఇచ్చిన 2జీ నివేదిక ఇచ్చి నష్టం ఎంతో రాయమంటే, చాలామంది ‘1,76,645 కోట్లు తిన్నారని కాగ్ తేల్చింది’ అని రాసి ఊరుకున్నారు.

ఊళ్లో పంచాయతీ తన దుకాణం గదిని పాత అద్దె 2,000కే ఇచ్చిందనుకోండి. పక్క గది వేలంలో 5,000 పలికింది. ఆడిటరు రాసేది నెలకు 3,000 రాబడి పోయిందని మాత్రమే. ఆ సొమ్ము సర్పంచి జేబులో ఉందని కాదు. జేబులు వెతకడానికి ఏసీబీ వేరే ఉంది.

2జీ విషయానికి వస్తే, 2008లో 122 మొబైల్ లైసెన్సులను 2001 నాటి ధరకు ఇచ్చారు. అలా ఇవ్వకపోతే ఎంత వచ్చేదన్న ప్రశ్నకు ఆ నివేదికలో ఒకటి కాదు, నాలుగు అంచనాలున్నాయి: ఒక కంపెనీ తానుగా ఇస్తానన్న ధర ప్రకారం 67,364 కోట్లు, లైసెన్సు పొందిన రెండు కంపెనీలు వాటాలు అమ్ముకున్న ధరల ప్రకారం 57,666 కోట్లు, 69,626 కోట్లు, 3జీ వేలం ధర ప్రకారం 1,76,645 కోట్లు. ఈ చివరి అంకెలో కూడా కొత్త లైసెన్సుల వాటా 1,02,498 కోట్లే. మిగిలింది ద్వంద్వ సాంకేతికత (ఒకే కంపెనీ సీడీఎంఏ, జీఎస్ఎం అనే రెండు రకాల మొబైల్ సాంకేతికతలూ వాడడం) అనుమతులకూ, ఒప్పందానికి మించి ఇచ్చిన స్పెక్ట్రానికీ చెందుతుంది. పత్రికలకు పెద్ద అంకె నచ్చింది, మీకూ అదే నచ్చింది.

సుప్రీంకోర్టు 2012లో ఆ లైసెన్సులను రద్దు చేసిందనీ, 2017లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలిందనీ, ఏది నిజమనీ కొందరు అడిగారు. కేటాయించిన పద్ధతి చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న, ఫలానా వ్యక్తి నేరం రుజువైందా అన్నది మరొకటి. ఆడిటు అడిగింది ఈ రెండూ కాదు.

నా అలవాటు చెబుతాను: నివేదికలో ఒక్కో ఆక్షేపణను రాసిన పేరాను నేను చివరి నుంచి చదువుతాను. ఆ ఆక్షేపణకు సంబంధిత శాఖ ఇచ్చిన సమాధానం అక్కడే ఉంటుంది. దాని వెంటనే ‘సమాధానం ఆమోదయోగ్యం కాదు, ఎందుకంటే’ అని వస్తుంది. ఆ ‘ఎందుకంటే’ తర్వాతి రెండు వాక్యాల్లో బలం లేకపోతే, పైన ఎంత పెద్ద అంకె ఉన్నా పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకుంటాను.

అభ్యాసం: మీ రాష్ట్ర తాజా నివేదికలో ఒక పేరా తీసుకోండి. అందులోని ప్రతి అంకె అధిక చెల్లింపా, వృథా ఖర్చా, రావలసి రాని రాబడా, లెక్క చూపని ఖర్చా రాసి, అనుబంధంలోని పట్టికతో మొత్తాన్ని మీరే మళ్లీ కట్టండి. రెండు సాయంత్రాలు పడుతుంది. నివేదికను శాసనసభలో ప్రవేశపెట్టిన తేదీ కూడా రాసుకోండి, పద్దుల సంఘం పాఠంలో దానితో పని ఉంది.