సొంత బాక్స్ ట్రక్, పాఠం 3: మొదటి పేమెంట్ వచ్చేదాకా చేతిలో ఎంత ఉండాలి?

గత పాఠంలో ట్రక్ ఎంచుకోవడం చూశాం. జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో సహా బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) 26,000 పౌండ్లు దాటని బాక్స్ ట్రక్‌లో మామూలు సరుకు తోలడానికి అమెరికాలో సీడీఎల్ (పెద్ద వాణిజ్య వాహనాల లైసెన్స్) అక్కర్లేదు. చాలామంది దీంతోనే మొదలుపెట్టడానికి అదొక కారణం. ఈసారి పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

కొత్తవాళ్లు ముందు అడిగేది "ట్రక్ ఎంత పడుతుంది?" అని. నేను వాళ్లని అడిగేది "రాబడి లేకుండా ఎన్ని రోజులు నెట్టుకురాగలరు?" అని. ఈ పాఠమంతా ఆ ప్రశ్న మీదే.

చిన్న ఖర్చులు త్వరగా చూసేద్దాం. రాష్ట్రాలు దాటి ఇతరుల సరుకు కిరాయికి తోలాలంటే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ (ట్రక్ రవాణాని చూసే ఫెడరల్ సంస్థ) దగ్గర అథారిటీ, అంటే కిరాయికి తోలే అనుమతి, తీసుకోవాలి. దరఖాస్తు ఫీజు 300 డాలర్లు, తిరిగి రాదు. ట్రక్ కంపెనీ గుర్తింపు సంఖ్య అయిన డాట్ నంబర్‌కి ప్రభుత్వం ఏమీ వసూలు చేయదు. బీవోసీ-3 (మీ తరఫున కోర్టు నోటీసులు తీసుకునే ఏజెంట్ల ఫారం), ఏటా కట్టే యూసీఆర్ (రాష్ట్రాలు దాటే ట్రక్కుల రిజిస్ట్రేషన్ ఫీజు), డ్రైవర్ మెడికల్ కార్డు కూడా ఉంటాయి. వీటితో ఎవరి వ్యాపారమూ ఆగిపోదు.

ఇన్సూరెన్స్ అలా కాదు. ట్రక్ 10,001 పౌండ్లు లేదా అంతకంటే ఎక్కువ తరగతిదైతే, మామూలు సరుకుకే 7,50,000 డాలర్ల లయబిలిటీ (ఇతరులకి జరిగే నష్టానికి కవరేజీ) ఉండాలని రూలు. బ్రోకర్లు (లోడ్లు ఇప్పించే మధ్యవర్తులు) సాధారణంగా 10 లక్షల డాలర్ల లయబిలిటీ, లక్ష డాలర్ల కార్గో కవరేజీ అడుగుతారు. పైగా కొత్త అథారిటీ అంటే ప్రీమియం ఎక్కువ. ట్రక్ కొనేశాక ఆ అంకె చూసి నీరుగారిపోయినవాళ్లని చూశాను. దయచేసి అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ ట్రక్ విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) పంపి కోట్ తెప్పించుకోండి.

ఇంకో చిక్కుంది. ఇన్సూరెన్స్ కంపెనీ మీ పాలసీని ఎఫ్‌ఎంసీఎస్‌ఏకి ఫైల్ చేస్తేనే అథారిటీ యాక్టివ్ అవుతుంది. అంటే ఒక్క లోడ్ ఎత్తకముందే ప్రీమియం, ట్రక్ కిస్తీ రెండూ మొదలవుతాయి. ఇక లోడ్ దించాక బిల్లు పంపితే, చాలామంది బ్రోకర్లు 30 రోజులకి గానీ డబ్బివ్వరు.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీవి వేరుగా ఉంటాయి.

నెలకి కిస్తీ 1,200, ఇన్సూరెన్స్ 1,300, పార్కింగ్, ఫోన్ వగైరా 300. మొత్తం 2,800 డాలర్లు. బండి కదలకపోయినా ఇది కట్టాల్సిందే. నెలకి 7,000 మైళ్లు తిరిగితే మైలుకి 40 సెంట్లు. గ్యాలన్‌కి 10 మైళ్లు ఇచ్చి, డీజిల్ 4 డాలర్లుంటే ఇంకో 40 సెంట్లు. టైర్లు, రిపేర్లకి 15 సెంట్లు పక్కన పెట్టండి. మొత్తం 95 సెంట్లు. మీ జీతం ఇందులో లేదు.

7,000 మైళ్లలో 1,400 ఖాళీగా తిరిగారనుకుందాం. కిరాయి వచ్చేది 5,600 మైళ్లకే. ఖర్చు 6,650 డాలర్లు కాబట్టి లోడ్ మైలుకి దాదాపు 1 డాలర్ 19 సెంట్లు వస్తే గానీ అసలు గిట్టదు. ఖాళీ మైళ్లు లెక్కలోకి తీసుకోకుండా ఒప్పుకున్న లోడ్లే మనిషిని ముంచుతాయి.

ఇప్పుడు నిల్వ సంగతి. అథారిటీ కోసం ఒక నెల ఆగారు, తర్వాత ఒక నెల తోలారు. రెండు నెలల కదలని ఖర్చు 5,600, డీజిల్ 2,800, కలిపి 8,400 డాలర్లు. అప్పటికి మీకు చేరింది దాదాపు ఏమీ ఉండదు. డౌన్ పేమెంట్, ఇన్సూరెన్స్‌కి ముందుగా కట్టేది, ఇంటి ఖర్చు, సెకండ్ హ్యాండ్ ట్రక్ అయితే ఒక పెద్ద రిపేరుకి సరిపడా డబ్బు దీనికి అదనం.

ఫ్యాక్టరింగ్ కంపెనీకి బిల్లు అమ్మితే డబ్బు త్వరగా వస్తుంది. కమిషన్ 3 శాతం అనుకుంటే వెయ్యి డాలర్లకి 30 పోతుంది. ఆ 30 మీ ఖర్చులో కాదు, లాభంలో కోత. మొదటి కొన్ని నెలలు తప్పకపోతే వాడుకోండి. సంతకం చేసేముందు ఒప్పందం ఎన్నాళ్లో, మధ్యలో మానేస్తే ఏం కట్టాలో చదవండి.

అభ్యాసం: మీరు చూసిన ట్రక్‌కి ముగ్గురు ఏజెంట్ల దగ్గర కోట్ తీసుకోండి. పై లెక్కలో మీ అంకెలు వేసి, లోడ్ మైలు ఖర్చు, రెండు నెలల నిల్వ రాసి ఉంచండి. నాలుగో పాఠంలో లోడ్ బోర్డు (లోడ్లు వెతుక్కునే వెబ్‌సైట్) రేట్లని ఆ కాగితంతోనే పోల్చి చూస్తాం.