దీపావళి గిఫ్టులు ఎందుకు బెడిసికొడతాయి: సమస్య - పరిష్కారం

మాది చిన్న సంస్థ. పదకొండేళ్లుగా దీపావళి గిఫ్టుల పని నా నెత్తినే ఉంది. డబ్బు చాలక పరువు పోయిన ఏడాది ఒక్కటీ గుర్తులేదు. లిస్టు ఆదరాబాదరాగా రాసి చేతులు కాల్చుకున్న ఏళ్లు మాత్రం చాలానే ఉన్నాయి.

సమస్య: బాక్సు క్లయింట్ ఆఫీసు రిసెప్షన్ నుంచే వెనక్కి వచ్చింది

కారణం: పెద్ద కంపెనీలు చాలావాటిలో వెండర్ల దగ్గర ఏమీ తీసుకోకూడదనో, ఇంత విలువ దాటకూడదనో రూలు ఉంటుంది. మనకు అవమానంగా అనిపిస్తుంది గానీ, తీసుకుంటే అవతలివాళ్ల ఉద్యోగానికే ముప్పు.

పరిష్కారం: వారం ముందే వాళ్ల అడ్మిన్‌కి ఫోన్ చేసి "మీ దగ్గర గిఫ్టులు తీసుకుంటారా అండీ?" అని అడిగేయండి. సరేనంటే టీమ్ మొత్తం పేరు మీద ఆఫీసుకే పంపండి. ఒక్క మనిషి ఇంటికి పంపితే అరకిలో స్వీటైనా అనుమానమే. బిల్లు పెండింగ్‌లో ఉన్నా, కాంట్రాక్టు రెన్యువల్ నడుస్తున్నా ఆ ఏడాదికి గ్రీటింగ్ కార్డు చాలు.

క్లయింట్ ప్రభుత్వ ఆఫీసైతే ఆలోచనే వద్దు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇచ్చినవాళ్లకూ ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. అది లంచం కాదు, మిఠాయేనని నిరూపించుకునే పరిస్థితి దాకా ఎందుకు?

సమస్య: గిఫ్టు ఇచ్చినా స్టాఫ్ మూతి ముడుచుకున్నారు

కారణం ఒక్కటే ఉండదు. ముందు బోనస్ సంగతి చూడండి. అర్హత ఉన్నవాళ్లకు చట్టం ప్రకారం రావాల్సిన కనీస బోనస్, చట్టం లెక్కలోకి తీసుకునే ఏడాది జీతం మీద 8.33 శాతం. దాన్ని ఆపి డిన్నర్ సెట్ చేతిలో పెడితే, ఆ సెట్ ఎంత ఖరీదైనదైనా తిట్లే.

రెండోది, తేడా. ఒకసారి మేము మేనేజర్లకు మిక్సీలు, మిగతావాళ్లకు స్వీట్లు ఇచ్చాం. అదీ ఒకే హాల్లో, ఒకే టేబుల్ మీద నుంచి. వారం రోజులు క్యాంటీన్‌లో మిక్సీ మాటే. పైవాళ్లకు ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఇంక్రిమెంట్‌లో ఇచ్చుకోండి, పండగ పూట అందరికీ ఒకటే బాక్సు.

మూడోది నేనే చేసిన తప్పు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ కాంట్రాక్టర్ మనుషులు కాబట్టి మా పేరోల్‌లో ఉండరు. పేరోల్ చూసి లిస్టు రాశాను. ఆటోలోంచి ఎనభై బాక్సులు దింపి పైకి మోసింది మా సెక్యూరిటీ పెద్దాయన. పంచడం అయిపోయాక ఖాళీ అట్టపెట్టెలు మడుస్తూ, "మాకు కాంట్రాక్టర్ ఇస్తాడులెండి సార్" అన్నాడు, నేను అడగకుండానే. అప్పటి నుంచి లిస్టు గేటు దగ్గర మొదలుపెట్టి లోపలికి రాస్తున్నాను.

సమస్య: మన స్వీటు ఊరంతా తిరిగి మనకే వచ్చింది

నవ్వకండి, సోన్‌పాపిడితో ఇది జరుగుతుంది. పండగకు మూడు రోజుల ముందు షాపులో మిగిలింది కొంటే అంతే. నెల ముందే ఆర్డరిస్తే ఆత్రేయపురం పూతరేకులో, బందరు లడ్డూలో తెప్పించుకోవచ్చు. పూతరేకులు మాత్రం కొరియర్‌లో వేయకండి, పొడి పొడిగా చేరతాయి. మనిషి చేతికిచ్చి పంపాలి. షుగర్ ఉన్నవాళ్లకు జీడిపప్పు, బాదం. దేవుడి బొమ్మలు వద్దు. ఇంట్లో పెట్టుకోవడానికి చోటుండదు, పారేయడానికి చేతులు రావు.

సమస్య: మార్చిలో ఆడిటర్ నిలదీశాడు

గిఫ్టుగా పంచిన సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేం. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ఆ దారి మూసేసింది. క్లయింట్లకు, డీలర్లకు ఇచ్చేవి ఒక్కొక్కరికి ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ (తీసుకునేవాళ్ల తరఫున ఇచ్చేవాళ్లే ముందుగా జమ చేసే ఆదాయపు పన్ను) చూసుకోవాలి. 2022 జులై 1 నుంచి ఉన్న నిబంధన ఇది. ఉద్యోగికి నగదుగా ఇస్తే దాన్ని జీతం కిందే లెక్కేస్తారు. ఎవరికి ఏమిచ్చామో, ఎంతకు కొన్నామో ఇచ్చిన రోజే ఎక్సెల్‌లో ఎక్కించండి.

సమస్య: థాంక్స్ చెప్పాల్సిన క్లయింట్ ఫోనే ఎత్తలేదు

పాత లిస్టు కాపీ కొట్టి పంపినప్పుడు జరిగేది ఇది. ఇంట్లో ఎవరైనా పోతే మన వైపు చాలామందికి ఆ ఏడాది పండగ ఉండదు. ఆ గుమ్మంలోకి "శుభాకాంక్షలు" అని మెరిసే బాక్సు వెళ్తుంది. ఒక్కోసారి పోయిన మనిషి పేరు మీదే వెళ్తుంది. మా డ్రైవర్ ఒకసారి అలాంటి ఇంటి ముందు నుంచి ఫోన్ చేసి, "సార్, పేరు చదివి ఆవిడ ఏడుస్తున్నారు, బాక్సు ఇచ్చి రానా, తెచ్చేయనా?" అన్నాడు.

తెచ్చేయమన్నాను. మర్నాడు నేనే పళ్లు తీసుకుని వెళ్లాను, కార్డు లేకుండా. ఇప్పుడు లిస్టు ఖరారు చేసేముందు ప్రతి పేరుకూ ఒక ఫోన్ చేస్తాం. రెండు రోజులు పడుతుంది.