అబెల్ 697లో పలచని రేడియో హాలో చివరికి ఎలా కనిపించిందంటే

పర్లాకిమిడిలో ఇంటి కంప్యూటర్ మీద జీఎంఆర్‌టీ అనే ఖోదాద్ రేడియో టెలిస్కోపు పాత డేటాతో పని చేస్తున్నాను, అబెల్ 697 అనే గెలాక్సీ సమూహం, 325 మెగాహెర్ట్జ్. చుక్కల్లాంటి గెలాక్సీలన్నీ చక్కగా వచ్చాయి గానీ వాటి మధ్య పరుచుకుని ఉండాల్సిన హాలో, అంటే సమూహమంతా వ్యాపించే పలచని రేడియో వెలుగు, మాత్రం నాయిస్‌లో కలిసిపోయింది, అంచుల వైపైతే ఏమీ లేదు.

కారణం దగ్గరి బేస్‌లైన్లు, అంటే దగ్గర దగ్గరగా ఉన్న డిష్‌ల జంటలు. ఖోదాద్ టెలిస్కోపు 30 డిష్‌లలో 14 మధ్యలో కిలోమీటరు మేరలోనే ఉంటాయి, బాగా వెడల్పుగా పరుచుకున్న వెలుగును పట్టేది ఆ జంటలే, దూరపు జంటలకు అది అందదు. బయటి రేడియో గోల ఎక్కువ తగిలేదీ వాటికే కాబట్టి ఆటోమేటిక్ ఫ్లాగింగ్ (పాడైన డేటాని గుర్తుపెట్టి పక్కన పెట్టడం) వాటి డేటాని చాలావరకు కొట్టేసింది. ఆ ఫ్లాగులు తీసేసి, ఒక్కో బేస్‌లైన్ ప్లాట్ వేసి చూసుకుంటూ నిజంగా పాడైన ముక్కలే తీశాను. ఓపిక కావాలండి, కానీ అసలు పని ఇదే.

తర్వాత దూరపు బేస్‌లైన్లతోనే ఇమేజ్ చేసి, అందులో వచ్చిన చుక్కల మోడల్‌ని డేటాలోంచి తీసేశాను. రాత్రంతా నడిచే పని, మధ్యలో కరెంటు పోతుందేమోనని ఒకటే టెన్షన్. మిగిలిన డేటాకి టేపర్ పెట్టి (అంటే దూరపు బేస్‌లైన్ల బరువు తగ్గించి), రిజల్యూషన్ తగ్గించి ఇమేజ్ చేస్తే హాలో వచ్చింది!

నమ్మేముందు, ఎంత వెలుగో మనకు తెలిసిన నకిలీ హాలోని డేటాలో కలిపి, ఎంత తిరిగొస్తుందో చూడండి. అంచుల్లో కొంత పోతుంది. 2022లో లోఫార్ అనే యూరప్ రేడియో టెలిస్కోపుతో ఈ సమూహంతో కలిపి నాలుగింటిలో, హాలోని దాటి పరుచుకున్న మెగాహాలోలు కనిపించాయి. నా మ్యాప్ అంత దూరం పోలేదు. ఆ వెలుగు తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఎక్కువ, కాబట్టి ఇక 144 మెగాహెర్ట్జ్ లోఫార్ మ్యాపుల మీద పడతాను.